చేతి బ్యాండుకు అడుగులు ఎలా తెలుస్తాయి?

ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్ నాగోబా జాతర కోసం మెస్రం వంశీయులు ఏటా కాలినడకన వెళ్లి గోదావరి జలం తెస్తారు. అలా నడిచేవారి చేతికి ఫిట్‌నెస్ బ్యాండ్ ఉంటే, అది అడుగుల్ని ఎలా లెక్కిస్తుంది?

నడకలో చెయ్యి ఊగుతుంది. బ్యాండులోని యాక్సిలరోమీటర్ అనే కదలికల సెన్సర్ ఆ లయను పట్టి అడుగులు లెక్కపెడుతుంది. అందుకే గతుకుల రోడ్డు మీద బైకెక్కినా ఒక్కోసారి అడుగులు పెరుగుతాయి!

మరి గుండె వేగం? బ్యాండు వెనక వెలిగే ఆకుపచ్చ కాంతిని రక్తం పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులో రక్తం పెరిగి, తిరిగొచ్చే కాంతి తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులే లెక్క. బ్యాండు వదులైతే లెక్క తప్పుతుంది. మణికట్టు ఎముకకు కాస్త పైన, చర్మానికి ఆనేలా పెట్టుకోండి.

కొనేముందు మీ ఫోనుతో పనిచేస్తుందా, చార్జింగ్ ఎన్నాళ్లొస్తుంది, చెమటకు తట్టుకుంటుందా చూడండి.