బసవయ్య పెరుగుతాడు, నడవడు

యాగంటి వెళ్ళినవారు ఉమామహేశ్వరులతోపాటు బసవయ్యనూ చూడకుండా రారు. ఒకప్పుడు ఆయన చుట్టూ ప్రదక్షిణం చేసేవారట. పెరిగి పెరిగి స్తంభాల దాకా వచ్చాడు గనుక ఇప్పుడు వీలు లేదంటారు. ఎంత పెరిగినా ఉన్నచోటనే ఉన్నాడు. లేచి రంకె వేసే రోజు వేరే ఉందని బ్రహ్మంగారి మాట.

ఒంట్లో పుట్టే గడ్డల సంగతీ ఇంతే. పెరిగి ఊరుకునే గడ్డకన్న నడిచే గడ్డకే భయపడాలి. కాన్సర్ మరణాలలో అధికభాగం మొదటి గడ్డవల్ల కాదు. దానినుంచి విడిపోయి ఎముకలలో, ఊపిరితిత్తులలో, కాలేయంలో కాపురం పెట్టిన కణాలవల్ల.

కణానికి కాళ్ళెక్కడివంటారా? జలగ నడక చూశారు గదా, ఇంచుమించు అదే. కణంలో ఆక్టిన్ అనే మాంసకృత్తు ఉంది. 1942లో హంగరీలో స్ట్రౌబ్ అనే శాస్త్రజ్ఞుడు దీనిని కండరంలోనుంచి వేరుచేశాడు. దీని రేణువులు వరుసగా చేరి దారాలై, ముందువైపు పొడుగై, కణపు పొరను నెడతాయి. ముందు భాగం పట్టు చిక్కించుకోగానే మయోసిన్ అనేది వెనుక భాగాన్ని ఈడ్చుకువస్తుంది. ఎప్పుడు చాచాలో చెప్పేది రాక్, ఎప్పుడు బిగించాలో చెప్పేది రో. 1992లో లండన్‌లో రిడ్లీ, హాల్ ఈ గుట్టు విప్పారు. వీటి దాయాది రాస్. మూత్రాశయపు కాన్సర్ కణాలలో రాస్ జన్యువులో ఒకే ఒక్క అక్షరం తారుమారైందని 1982లో అమెరికాలో తేల్చినవారిలో మన ప్రేమ్‌కుమార్ రెడ్డిగారు ఒకరు.

మంచి కణాలు ఇలా ఊరేగవు. ఒప్పులకుప్ప ఆడే పిల్లల్లా ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని ఉంటాయి. ఆ చెయ్యి పేరు ఇ-కాడ్హెరిన్. న్యూజీలాండులో ఒక మావోరీ కుటుంబంలో తరతరాలుగా చిన్నవయసువారు కడుపు కాన్సర్‌తో పోతూండేవారు. ఈ చేతి జన్యువే వారిలో చెడిందని 1998లో తెలిసింది. పరీక్షలో ఆ లోపం బయటపడినవారిలో కొందరు, జబ్బు రాకముందే జీర్ణాశయం తీయించుకున్నారు. ఎంత గుండెనిబ్బరం కావాలి!

మరి నడకనే ఆపే మందు ఇవ్వరాదా? అక్కడే ఉంది చిక్కు. పిల్లవాడు మోకాలు చెక్కుకుని వస్తే, గాయం అంచున ఉన్న చర్మకణాలు ఈ ఆక్టిన్ దారాలతోనే పాకివచ్చి పూడుస్తాయి. క్రిములను తరిమే తెల్లకణాలదీ ఇదే నడక. దొంగకు వేసిన సంకెల ఇంటివారికీ పడుతుంది.

రొమ్ములో గడ్డ అని వెళ్ళిన ఇల్లాలికి డాక్టరు చంక క్రింద కూడా తడిమి చూడడం అందుకే. గడ్డ ఎంత పెరిగిందన్న ప్రశ్న ఒకటి, అక్కడినుంచి బయలుదేరిందా అన్నది మరొకటి.