దారిలో ఒకరు పడిపోతే మనమేమి చేయాలి?

మామిడి కోతలు మొదలైతే మన నూజివీడు ప్రాంతంలో ఇంటిపట్టున ఉండేవారు తక్కువ. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి తోటల్లో తెల్లవారేసరికే పని మొదలవుతుంది. రసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయలు బుట్టలకెత్తి లారీలకు ఎగుమతి చేస్తాము. ఇది మనకు అన్నం పెట్టే కాలం. మనుషులు పడిపోయే కాలం కూడా ఇదే. కొమ్మ విరిగి చెట్టుమీదనుండి పడేవారు, వడదెబ్బకు గట్టుమీద సోలిపోయేవారు, బస్టాండులో కళ్లు తిరిగి కూలబడేవారు మనకు కనబడుతూనే ఉంటారు. 2015 వేసవి వడగాడ్పులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 1,300 మందికి పైగా చనిపోయారు.

ఒక మనిషి పడిపోయినప్పుడు చుట్టూ ఉన్నవారు రెండు విధాలుగా పొరబడుతుంటారు. కొందరు "తాగి పడ్డాడులే" అనుకొని వెళ్లిపోతారు. మరికొందరు జాలితోనే చంకల్లో చేతులు వేసి లేపి, కూర్చోబెట్టి, నోట్లో నీళ్లు పోస్తారు. మొదటిది ప్రేమ లేక జరిగేది, రెండవది తెలియక జరిగేది. రెండింటివల్లా ప్రాణం పోవచ్చు. షుగరు తగ్గినవానికీ, పక్షవాతం వచ్చినవానికీ, వడదెబ్బ తగిలినవానికీ మాట తడబడుతుంది, నడక తూలుతుంది. నిజంగా తాగినవాడే అయినా, వెల్లకిలా పడి వాంతి గొంతుకు అడ్డుపడితే చనిపోతాడు. కాబట్టి దగ్గరకు వెళ్లాలి, కాని తొందరపడి లేపకూడదు.

మొదట చేయవలసినవి

కరెంటు తీగ తగిలి పడ్డాడేమో, రోడ్డుమీద బండ్లు వస్తున్నాయేమో ముందు చూడాలి. తీగ తగిలివుంటే కరెంటు ఆపించేవరకు అతన్ని ముట్టుకోకూడదు. తరువాత పక్కన మోకరించి, భుజం తట్టి, "పెద్దాయనా, వినబడుతోందా?" అని పిలవాలి. ఊపిరి తీస్తున్నాడో లేదో చూడాలి.

వెంటనే 108కి ఫోను చేయాలి. 2005 ఆగస్టు 15న మన ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఈ అంబులెన్సుకు డబ్బు కట్టనక్కరలేదు. గుంపులో ప్రతివాడూ ఇంకొకడు ఫోను చేశాడనుకుంటాడు. అందుచేత ఒకరిని చూపించి, "తమ్ముడూ, నువ్వు ఫోను చెయ్యి" అని చెప్పాలి. మరొకరిని రోడ్డుమీద నిలబెట్టాలి. తోటల్లో డొంకదారులు బయటివారికి తెలియవు. మిగిలినవారు దూరంగా జరిగి గాలి ఆడనివ్వాలి. పడినది స్త్రీ అయితే చీర సర్ది, పక్కన మరో స్త్రీని కూర్చోబెట్టాలి.

చెట్టుమీదనుండి పడితే

మెడ ఎముకో, వెన్నెముకో విరిగివుండవచ్చు. అటువంటివానిని లేపి కూర్చోబెడితే లోపలి వెన్నుపాము దెబ్బతిని కాళ్లు చేతులు శాశ్వతంగా పడిపోవచ్చు. భుజాన వేసుకోవడం, మోటారు సైకిలుమీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టడం చేయకూడదు. తల రెండు వైపులా చేతులతో కదలకుండా పట్టుకొని, అంబులెన్సు వచ్చేవరకు ఉండాలి. కదిలించక తప్పకపోతే నలుగురు కలిసి, తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేలా బల్లమీదికో, తలుపు చెక్కమీదికో చేర్చాలి. నులకమంచం కుంగుతుంది, పనికిరాదు.

వడదెబ్బ, మూర్ఛ, ఇతర జబ్బులు

ఒళ్లు కాలిపోతూ, మాట తికమకపడుతుంటే వడదెబ్బ. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరాలి. తెలివి ఉంటేనే నీళ్లు తాగించాలి. తెలివిలేనివాని నోట్లో పోసిన నీరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మూర్ఛ వచ్చినవాని చేతిలో తాళాలు పెట్టడంవల్ల ప్రయోజనం లేదు. పళ్ల మధ్య చెంచా పెడితే పళ్లు విరుగుతాయి. కొట్టుకునే కాళ్లు చేతులు పట్టి ఆపకూడదు. తల కింద మెత్తని బట్ట పెట్టి, రాళ్లు పక్కకు తీసి, కొట్టుకోవడం ఆగగానే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే అది ప్రమాదం.

మూతి ఒక పక్కకు లాగి, ఒక చెయ్యి లేవకపోతే పక్షవాతం. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే మందు నాలుగున్నర గంటల లోపలే ఇవ్వాలి. నాటుమందు కోసం తిప్పుతూ ఆ సమయం పోగొట్టకూడదు.

పిలిస్తే పలకక, ఊపిరి కూడా లేకపోతే, రొమ్ము నడుమ రెండు అరచేతులు ఒకదానిమీద ఒకటి పెట్టి, నిమిషానికి 100 నుండి 120 సార్లు, రెండంగుళాల లోతు దిగేలా బలంగా నొక్కుతూ ఉండాలి. సాయం వచ్చేవరకు ఆపకూడదు. అలసిపోతే మరొకరు అందుకోవాలి.

సమరయుని పేరున ఒక చట్టం

"సాయం చేస్తే పోలీసు స్టేషను చుట్టూ తిప్పుతారు" అనే భయం మన పల్లెల్లో ఇంకా ఉంది. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు ఈ విషయమై తీర్పు ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షను చేరింది. రోడ్డు ప్రమాదంలో పడినవానికి మంచి మనసుతో సాయం చేసినవారిమీద కేసు ఉండదు. ఇష్టం లేకపోతే పేరు చెప్పనక్కరలేదు. ఇటువంటివారికి చట్టంలో ఉన్న పేరు 'మంచి సమరయుడు'. లూకా సువార్త 10వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన ఉపమానం దేశ చట్టానికి ఎక్కింది.

ఆ సమరయుడు చేసినదాన్ని వరుసగా చూడండి. నువ్వెవరని అడగలేదు. ముందు దగ్గరకు వచ్చాడు. ఉన్నచోటనే గాయాలు కట్టాడు. ఆ తరువాతే తన వాహనమెక్కించాడు. పూటకూళ్ల ఇంట చేర్చి, రాత్రి తోడుండి, రెండు దేనారములు ఇచ్చి, మళ్లీ వస్తానన్నాడు. మనమూ 108 ఎక్కించి చేతులు దులుపుకోకుండా, ఇంటివారికి కబురు చేసి, వారు వచ్చేవరకు ఉందాము.

ఈ కోతల కాలానికి ముందే ప్రతి సంఘములో యౌవనస్థుల కూడిక ఒకటి దీనికోసం కేటాయించుకోవచ్చు. సంఘములో నర్సు పనిచేసే సహోదరి ఉంటే ఆమెచేత రొమ్ము నొక్కడం, పక్కకు తిప్పడం చేయించి చూపించండి. ఒక దిండు ఉంటే చాలు, నేర్చుకోవచ్చు. రేపు తోటలో పడేది మన ఇంటి బిడ్డే కావచ్చు. అప్పుడు పక్కన ఉండేది మన పొరుగువాడే.