గాలితిత్తుల కారు క్రుంగినచో

కమానుకట్టలకు మాఱుగా రబ్బరు గాలితిత్తులపై నిలుచు పాతకారును కొనినవారు, రాత్రి నిలిపిన బండి తెల్లవాఱునప్పటి కొక మూల క్రుంగుట చూచి, కంప్రెసరు చెడెనని తలంతురు. మా యభిప్రాయమున ముందు వెదకవలసినది గాలి కారుచోటు. కొలిమితిత్తివలె నీ రబ్బరుతిత్తియు మడతలయొద్దనే పగులును. ఇంజను నడపి తిత్తులు నిండిన పిదప మడతలకును గొట్టముల యతుకులకును సబ్బునీరు పూయుడు; బుడగలు లేచినచోటనే చిల్లి. పగిలిన తిత్తిని మార్పక క్రొత్త కంప్రెసరు వేసినచో, అదియు విరామములేక తిరిగి కాలిపోవును. సొమ్ము రెండుమార్లు పోవును. బుడగ లెచ్చటను లేకయే బండి యొరగెనేని, ఎత్తును కనిపెట్టు సెన్సారు మీట బిగిసినదేమో చూడవలెను. ముదినేపల్లి చెఱువుగట్ల బురదలో తిరుగు బండ్ల కీ పరీక్ష మఱింత యవసరము.

జాకీని మాత్రమే నమ్మి బండిక్రిందికి దూఱరాదు. తిత్తిలోని గాలి తటాలున పోయినచో బండి మీదికి దిగును. చట్రము క్రింద గట్టి ఆధారములు నిలిపిన పిదపనే చేయి పెట్టుడు.