రౌటర్ కొనే ముందు...

హాస్టల్ వదిలాక మేము ఆరుగురం పట్నంలో గది తీసుకుని, తలా కొంత వేసుకుని ఇంటర్నెట్ పెట్టించుకున్నాం. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు కలిపి పది దాటాయి. ఉద్యోగ దరఖాస్తు చివరి రోజు రాత్రి వైఫైలో పేజీ కదలలేదు. మా ఇంట డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే, చేతులు వణికాయి. అదే లైనుకు కేబుల్ పెడితే వెంటనే తెరుచుకుంది. లోపం లైనుది కాదు, పాత రౌటర్‌ది!

మన మెస్‌లో ఒకే గరిటెతో వడ్డించినట్లు, పాత రౌటర్ ఒకరి తర్వాత ఒకరికి డేటా ఇస్తుంది. 2019లో ధ్రువీకరణ మొదలైన వైఫై 6 రకం ఒకే విడతలో పలువురికి వడ్డించగలదు. అయితే ఫోన్లు కూడా ఆ రకానివే కావాలి.

2.4, 5 గిగాహెర్ట్జ్ రెండూ ఉన్నది తీసుకోండి. మొదటిది గోడలు దాటుతుంది కాని ఇరుకు. రెండవది వేగం, దగ్గరివారికే. పెట్టె మీది పెద్ద అంకె రెండింటి మొత్తం. ఏ ఒక్క ఫోనుకూ అంత రాదు. రౌటర్‌ను నడుమ, ఎత్తులో ఉంచండి. కంప్యూటర్‌కు కేబుల్ వేస్తే మిగతావారికి చోటు మిగులుతుంది.

ప్లాన్ పెంచే ముందు కేబుల్ పెట్టి చూడండి. మన డబ్బు కష్టార్జితం కదా! దరఖాస్తు మాత్రం చివరి రోజు దాకా ఆపకండి.