ఎక్స్‌ప్లెయినర్: 26 వారాల గర్భం.. గుండె ఆపమని ఎవరు చెప్పాలి? సుప్రీంకోర్టు జడ్జీలనే చీల్చిన కేసు

అబార్షన్ అనగానే చర్చ రెండు ముక్కల్లో తేల్చేస్తారు. తల్లి ఇష్టమా.. బిడ్డ ప్రాణమా? 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టుకు వచ్చిన ఓ కేసులో మాత్రం అంత ఈజీగా తేలలేదు. వారం రోజుల్లోనే తీర్పు వచ్చింది, ఆగింది, జడ్జీల మధ్య చీలింది, చివరికి తిరగబడింది.

అసలేం జరిగిందంటే..

ఆమెకు 27 ఏళ్లు. అప్పటికే ఇద్దరు పిల్లలు. రెండో కాన్పు తర్వాత వచ్చిన మానసిక సమస్యకు మందులు వాడుతోంది. బిడ్డకు పాలిచ్చే రోజుల్లో చాలామందికి నెలసరి రాదు. దాంతో మళ్లీ గర్భం వచ్చిన సంగతి ఆమెకు తెలియలేదు. తెలిసేసరికి బాగా ఆలస్యమైంది. మూడో బిడ్డను పెంచే స్థితిలో లేనంటూ కోర్టుకెక్కింది.

మన చట్టం వారాలు లెక్కపెడుతుంది. 2021 సవరణ ప్రకారం 20 వారాల వరకు ఒక డాక్టర్ అభిప్రాయం చాలు. 24 వారాల వరకైతే ఇద్దరు డాక్టర్లు కావాలి, అదీ కొన్ని కేటగిరీల మహిళలకే. ఆ తర్వాత రెండే దారులు. తల్లి ప్రాణాలకు తక్షణ ముప్పు, లేదా మెడికల్ బోర్డు నిర్ధారించిన తీవ్రమైన పిండ లోపం. ఆమెకు ఈ రెండూ లేవు.

అయినా అక్టోబర్ 9న జస్టిస్ హిమా కోహ్లీ, జస్టిస్ బీవీ నాగరత్న ఆమెకు అనుమతిచ్చారు. మర్నాడే ఎయిమ్స్ డాక్టర్ నుంచి ఓ మెయిల్. పిండం బతికే అవకాశం గట్టిగా ఉంది, ముందు గుండె ఆపాలా వద్దా చెప్పండి.. అని.

చిక్కంతా ఇక్కడే. గుండె ఆపకుండా బయటికి తీస్తే అది అబార్షన్ కాదు, నెలలు నిండని కాన్పు. ఆ బిడ్డ ఐసీయూలో పడుతుంది, బతికినా వైకల్యం వచ్చే రిస్క్ ఎక్కువ. 'అబార్షన్ హక్కు' అని మనం అలవాటుగా అనే మాట వెనుక ఇంత పని ఉందని ఆ మెయిల్ చెప్పింది. డాక్టర్‌ను తప్పుపట్టలేం. చేయాల్సింది డాక్టరే కదా!

అక్టోబర్ 11న అదే బెంచ్ చీలిపోయింది. గతంలో తెలంగాణ హైకోర్టు సీజేగా పనిచేసిన జస్టిస్ కోహ్లీ, తన మనస్సాక్షి ఒప్పుకోవడం లేదన్నారు. జస్టిస్ నాగరత్న మాత్రం వెనక్కి తగ్గలేదు. పిండం తల్లి మీదే ఆధారపడి ఉంటుంది, తల్లి నుంచి వేరు చేసి చూడలేం, ఆమె నిర్ణయాన్ని గౌరవించాల్సిందే అన్నారు.

కేసు సీజేఐ చంద్రచూడ్, జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మనోజ్ మిశ్రా ముందుకెళ్లింది. పిండం మామూలుగానే ఉందని, తల్లి మందులు మార్చి ఇవ్వొచ్చని మెడికల్ బోర్డు తేల్చింది. అక్టోబర్ 16న కోర్టు నో చెప్పింది. అప్పటికి 26 వారాల 5 రోజులు.

ఇంకో విషయం. 2022 సెప్టెంబర్‌లో పెళ్లికాని మహిళలకూ 24 వారాల వరకు హక్కు ఉందని, తన శరీరంపై నిర్ణయం మహిళదేనని చెప్పిన బెంచ్‌లో చంద్రచూడ్, పార్దీవాలా ఇద్దరూ ఉన్నారు. అదే జడ్జీలకు మూడు వారాల తేడాలో ఆ మాట ఆగిపోయింది. మరి 24 వారాల గీతకు ఇటు తల్లిది, అటు బిడ్డదా? చట్టం అలా ఎక్కడా రాయలేదు.

కాన్పు ఎయిమ్స్‌లోనే, ఖర్చు ప్రభుత్వానిదే, బిడ్డను దత్తత ఇవ్వాలా వద్దా అన్నది తల్లిదండ్రుల ఇష్టం అని కోర్టు చెప్పింది. మిగిలిన మూడు నెలలు మోయాల్సింది మాత్రం ఆమే.