రాళ్ళవానకు ముందే పందిరి కట్టుకుందాం

అమీర్‌పేట, పంజాగుట్ట అనగానే మనకు గుర్తొచ్చేవి మైత్రీవనం చుట్టూ ఉన్న కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, నిమ్స్ ఆసుపత్రి, తల మీదుగా పరుగెత్తే మెట్రో రైళ్ళు. పిల్లల చదువుకో, వైద్యానికో, ఉద్యోగానికో మన పల్లెల నుండి ఈ పేటలకు రాని కుటుంబాలు తక్కువ. అదే మెట్రో రైలు కిటికీలో నుండి కిందికి చూస్తే ఇంకొక అమీర్‌పేట కూడా కనబడుతుంది. మేడల మీద నీళ్ళ ట్యాంకుల పక్కన కుండీలు, పాత బకెట్లలో టమాటా, వంగ, గోనె సంచుల్లో కొత్తిమీర, వెదురు బొంగుల మీద పాకిన బీర, కాకర. పల్లె నుండి వచ్చిన మనిషి మట్టిని మరచిపోలేడనడానికి ఇంతకంటె సాక్ష్యం ఏమి కావాలి?

ఈ చిన్న తోటలకూ, మన పల్లెల్లోని పెరటి తోటలకూ శత్రువు ఒక్కటే. నెలల తరబడి పెంచుకున్న మొక్కను అది పది నిమిషాలలో ఈనెలుగా మార్చగలదు. అదే రాళ్ళవాన, అంటే వడగళ్ళ వాన.

మంచు పడని ఊరిలో మంచుగడ్డలు

చలిదేశాల వారు చలికాలం రాకముందే తోటలను మంచు బరువు నుండి కాపాడుకునే ఏర్పాట్లు చేసుకుంటారు. హైదరాబాదులో మంచు కురవదు. అమీర్‌పేటకు పక్కనే ఉన్న బేగంపేట వాతావరణ కేంద్రంలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు. అది 1946 జనవరి 8న నమోదైంది. నీరు గడ్డకట్టే చలి ఈ నగరానికి తెలియదు.

కానీ ఆకాశం నుండి గడ్డకట్టిన నీరు పడడం మాత్రం మనకు బాగా తెలుసు. 2023 మార్చి 16న వికారాబాద్ జిల్లా మర్పల్లి ప్రాంతంలో రాళ్ళవాన కురిసి, పొలాలూ రోడ్లూ తెల్లటి దుప్పటి కప్పుకున్నట్లయ్యాయి. ఆ చిత్రాలు చూసినవారు ఇది కాశ్మీరమా అని ఆశ్చర్యపోయారు. చూసేవారికి అది వింత. చేతికి వచ్చిన పంట పోయిన రైతుకు అది కన్నీరు. ఆ మార్చి నెల వానలకు నష్టపోయిన పంటలకు ఎకరాకు 10,000 రూపాయల సాయాన్ని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించవలసి వచ్చింది. వికారాబాద్, చేవెళ్ళ వైపు పండే కూరగాయలే నగరవాసుల వంటింటికి చేరుతాయి. కాబట్టి అక్కడ రాళ్ళు పడితే ఇక్కడి గృహిణి సంచి కూడా తేలికవుతుంది.

రాళ్ళు ఎక్కడ పుడతాయి?

మార్చి నుండి మే వరకు మధ్యాహ్నపు ఎండకు నేల కాగిపోతుంది. సముద్రం మీది తేమగాలి తోడైతే వేడిగాలి వేగంగా పైకి లేచి, మైళ్ళ ఎత్తున కారుమేఘమై నిలుస్తుంది. ఆ మేఘపు పై భాగంలో గడ్డకట్టించే చలి ఉంటుంది. కింది నుండి తోసే గాలి నీటి బొట్లను అక్కడికి ఎత్తుతుంది. అక్కడ ఒక చిన్న గడ్డ చుట్టూ మరికొంత నీరు చేరి గడ్డకడుతుంది. గాలి ఇక మోయలేనంత బరువైనప్పుడు అది కిందికి రాలుతుంది. పెద్ద వడగల్లును కోసి చూస్తే ఉల్లిపాయలో వలె పొరలు కనబడేది అందుకే. అంగుళం నుండి అంగుళమున్నర వరకు ఉండే రాయి గంటకు 40 నుండి 60 కిలోమీటర్ల వేగంతో నేలను తాకుతుంది. లేత ఆకు దానికి ఏపాటి?

పందిరి మీద అయిదు సిమెంటు బస్తాలు

ఎండకని కట్టుకున్న ఆకుపచ్చ షేడ్ నెట్ రాళ్ళను కూడా ఆపుతుందిలే అని చాలామంది అనుకుంటారు. ఆపుతుంది, నిజమే. అయితే ఆపిన రాళ్ళు ఎక్కడికి పోతాయి? ఇక్కడ ఒక చిన్న లెక్క చేద్దాం. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు గల పందిరి మీద రెండు అంగుళాల మందాన రాళ్ళు పేరుకున్నాయనుకోండి. రాళ్ళ మధ్య ఉండే ఖాళీలను తీసివేసినా వాటి బరువు ఇంచుమించు 250 కిలోలు. అంటే అయిదు సిమెంటు బస్తాలను పందిరి మీదికి ఎత్తినట్లే. చలిదేశాలలో అదే పందిరి మీద అడుగు మందాన కొత్త మంచు పడితే ఉండే బరువు కూడా దాదాపు ఇంతే. అందుచేత మంచు విషయంలో వారు నేర్చుకున్న పాఠాలు మనకూ పనికివస్తాయి.

మొదటి పాఠం వాలు. కాశ్మీరులో ఇండ్ల కప్పులు ఏటవాలుగా ఉండేది మంచు జారిపోవడానికే. హిమాచల్ ప్రదేశ్‌లో ఆపిల్ రైతులు తోటల పైన వడగళ్ళ వలలు కడతారు. ఇటువంటి వలలను ఇంటి కప్పు వలె రెండు వైపులా వాలుగా కట్టి, రెండు వాలులు కలిసే పల్లంలో సందు వదలడం ఒక మంచి పద్ధతి. రాళ్ళు జారి ఆ సందులో నుండి చెట్ల వరుసల మధ్య పడతాయి. మనం మేడ మీద గానీ పెరటిలో గానీ వల కట్టేటప్పుడు ఈ విషయాలు గుర్తుంచుకోవాలి:

ఒకటి, వలను మంచం నవారు వలె చదునుగా కట్టవద్దు. మధ్యలో ఎత్తు, అంచులలో పల్లం ఉండాలి. అంచు కింద కుండీలు పెట్టకుండా, రాళ్ళు పడడానికి ఖాళీ వదలాలి.

రెండు, ఒకే పెద్ద వలకు బదులు నాలుగైదు అడుగుల వెడల్పు గల ముక్కలుగా కట్టుకుంటే ఒకటి చిరిగినా మిగిలినవి నిలుస్తాయి. గాలి కూడా మధ్య సందుల నుండి పోతుంది.

మూడు, వల వదులుగా ఉంటే మధ్యలో గుంట పడుతుంది. రాళ్ళన్నీ అక్కడే చేరతాయి. కాబట్టి నెలకొకసారి తాళ్ళు బిగించి చూసుకోవాలి.

నాలుగు, గుంజలను పిట్టగోడ ఇటుకలకు కాక గట్టి స్తంభాలకు కట్టాలి. మేడ మీద గాలి విసురు నేల మీద కంటె ఎక్కువ. ఊడిన పైపు వీధిలో నడిచేవారి మీద పడితే ఆ పాపం మనదే.

ఐదు, ప్లాస్టిక్ పట్టాను పైకప్పుగా వాడవద్దు. అందులో నీరూ రాళ్ళూ కలిసి నిలిచి మొత్తం పందిరిని కూలుస్తాయి.

లేత మొక్కలకు ప్రత్యేక శ్రద్ధ

నారు పోసిన మడి, రెండు మూడు ఆకుల మీద ఉన్న టమాటా, మిరప, వంగ మొక్కలు అన్నిటికంటె సున్నితమైనవి. పెద్ద మొక్క ఆకులు చిరిగినా కణుపుల దగ్గర మళ్ళీ చిగురిస్తుంది. నారుకు మొవ్వు విరిగితే ఇక అంతే. అందుకని నారును పెద్ద మడిలో కాక ట్రేలలో, పాత టబ్బులలో పోసుకుంటే మబ్బు పట్టగానే మెట్ల గదిలోకి జరపవచ్చు. జరపడానికి వీలులేని మొక్కల మీద వెదురు బుట్టలను బోర్లించి, పైన ఇటుక పెట్టాలి. పల్లెలో కోళ్ళను కమ్మే గంపలు ఈ పనికి చక్కగా సరిపోతాయి. తీగలకు తాటాకులో, కొబ్బరి మట్టలో అడ్డం పెట్టినా దెబ్బ తగ్గుతుంది.

చలి రాత్రుల మాట

చలికాలం డిసెంబరు, జనవరి నెలలలో నగరంలో కొన్ని రాత్రులు చలి పది డిగ్రీల కిందికి దిగుతుంది. ఆదిలాబాద్ వైపు అంతకంటె ఎక్కువ. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగిలో కొన్ని సంవత్సరాలు సున్నాకు దగ్గరగా వెళుతుంది. మబ్బులేని రాత్రి నేలలోని వేడి ఆకాశానికి పోతుంది. అటువంటి రాత్రి లేత మొక్కల మీద సాయంకాలమే పాత చీర గానీ గోనెపట్టా గానీ కప్పి, ఎండ వచ్చాక తీసివేయాలి. గుడ్డ ఆకుకు తగలకుండా నాలుగు పుల్లలు గుచ్చితే మరీ మంచిది. తడిగా ఉన్న మట్టి వేడిని ఎక్కువసేపు నిలుపుకుంటుంది గనుక పగటిపూట తగుమాత్రం నీరు పోయాలి. కుండీలను ఎండ తగిలే గోడకు దగ్గరగా జరిపితే పగలు కాగిన గోడ రాత్రి వాటికి కాస్త వెచ్చదనాన్ని ఇస్తుంది.

అమెరికాలోని మన తెలుగు కుటుంబాలు కరివేపాకు మొక్కను చంటిబిడ్డ వలె చూసుకోవడంలో ఆశ్చర్యం లేదు. మంచు పడే ప్రాంతాలలో వారు చలి ముదరకముందే కుండీని ఇంటిలోకి తెచ్చి, వెలుతురు వచ్చే కిటికీ దగ్గర పెడతారు. చలికాలంలో నీరు తగ్గిస్తారు. ఆకులు రాలినా వేరు బ్రతికి ఉంటే వసంతంలో మళ్ళీ చిగురు వేస్తుంది. బయటి చెట్ల మీద మంచు పేరుకుంటే దానిని పై నుండి కొట్టరు. కొమ్మ కింద చీపురు పెట్టి మెల్లగా పైకి లేపి దులుపుతారు. పై నుండి కొడితే బరువుకు వంగిన కొమ్మ పుటుక్కున విరుగుతుంది. రాళ్ళు చిక్కుకున్న వలను దులపడానికి కూడా ఇదే పద్ధతి.

రేకుల షెడ్డు, కోళ్ళ గూడు, పశువుల కొట్టం

మొక్క పోతే మళ్ళీ నాటుకోవచ్చు. ప్రాణం పోతే తేలేము. 2024 మే 26న వీచిన ఈదురుగాలులకు మన రాష్ట్రంలో గోడలు, షెడ్లు కూలి పలువురు మరణించారు. మన ఇండ్ల దగ్గర రేకులు ఎగరకుండా పైన బండరాళ్ళు, పాత టైర్లు పెట్టడం అలవాటు. పెనుగాలికి రేకు లేస్తే ముందు దొర్లి పడేది ఆ రాయే. దానికి బదులు రేకులను కొక్కేపు బోల్టులతో అడ్డదూలాలకు బిగించి, దూలాలను స్తంభాలకు కట్టాలి. గాలి దూరేది చూరు అంచు నుండి గనుక అక్కడ బోల్టులు దగ్గర దగ్గరగా ఉండాలి. సిమెంటు రేకులు పెద్ద రాళ్ళకు పగులుతాయి. వాటి కింద పిల్లలనూ పశువులనూ నిలబెట్టకండి. కోళ్ళ గూటికి గాలి వచ్చే వైపు గోనెపట్టా దించి, రెండో వైపు తెరిచి ఉంచాలి.

వాన వెలిసిన తరువాత

మెరుపులు ఆగకముందే మేడ మీదికి పరుగెత్తవద్దు. ఉరుము ఆఖరుసారి వినబడిన తరువాత అరగంట ఆగడం క్షేమం. తరువాత చేయవలసిన మొదటి పని, కుండీలలో పేరుకున్న రాళ్ళను తీసివేయడం. అవి కరుగుతుంటే ఆ చల్లదనం వేర్లను బాధిస్తుంది. కుండీ అడుగు రంధ్రాలు మూసుకుపోకుండా చూడాలి. పూర్తిగా విరిగిన కొమ్మలను శుభ్రమైన కత్తెరతో తీసివేసి, సగం చిరిగిన ఆకులను కొన్నాళ్ళు ఉంచండి, మొక్కకు ఆహారం తయారయ్యేది వాటిలోనే. గాయాల నుండి తెగులు సోకకుండా లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి పిచికారీ చేయడం వాడుక. మందు చల్లిన కూరగాయలను డబ్బా మీద రాసినన్ని రోజులు కోయకూడదు. రాలిన మామిడికాయలను పారవేయక, దెబ్బతిన్న భాగం తీసివేసి ముక్కలు ఎండబెడితే ఒరుగులు అవుతాయి.

పొలం దెబ్బతిన్న రైతు సోదరులు ఆలస్యం చేయక ఫొటోలు తీసుకుని వ్యవసాయ విస్తరణాధికారికి తెలియజేయాలి. పంటలో 33 శాతం లేదా అంతకంటె ఎక్కువ నష్టం జరిగిందా అన్నది సాధారణంగా సాయానికి కొలబద్ద. గట్టు దున్నేసిన తరువాత చూపడానికి ఏమీ మిగలదు.

హెచ్చరికను విన్నవారు

వాతావరణ శాఖ ఈనాడు పసుపు, నారింజ, ఎరుపు రంగులలో హెచ్చరికలు ఇస్తున్నది. రాబోయే కొద్ది గంటల సూచన జిల్లాల వారీగా వస్తుంది. పిడుగుల జాడ చెప్పడానికి దామిని, రైతులకు వాతావరణ సలహాలు ఇవ్వడానికి మేఘదూత్ అనే యాప్‌లు ఉన్నాయి. ఇంటిలో చదువుకున్న పిల్లలు ఉంటే వారి ఫోనులో పెట్టించి, వేసవి మూడు నెలలూ మధ్యాహ్నం ఒకసారి చూడమని చెప్పండి.

నిర్గమకాండము 9వ అధ్యాయంలోని వడగండ్ల వృత్తాంతం మనమెరిగినదే. అక్కడ వడగండ్లకు ముందు హెచ్చరిక వచ్చింది. దానిని లక్ష్యపెట్టినవారు తమ పనివారిని, పశువులను ఇండ్లలోనికి రప్పించుకున్నారు. లక్ష్యపెట్టనివారు పొలములోనే విడిచిపెట్టారు. వెన్ను వేసిన యవలు పాడయ్యాయని, ఇంకా ఎదగని గోధుమ మిగిలిందని కూడా అక్కడ వ్రాయబడి ఉంది. ఏ పైరు ఏ దశలో దెబ్బతింటుందో గమనించిన రైతు చూపు అది. అన్ని విత్తనాలూ ఒకే రోజున నాటక, పదిహేను రోజుల తేడాతో రెండు మూడు విడతలుగా నాటుకుంటే ఒక విడత పోయినా మరొకటి మిగులుతుంది.

పందిరి కట్టడానికి కావలసినది ఒక ఆదివారం సాయంకాలం, నాలుగు వెదురు బొంగులు, కొంచెం తాడు, ఇంటిల్లిపాది చేతులు. ఫిబ్రవరి ముగిసేలోగా ఆ పని పూర్తి చేసుకోండి. వంగి పనిచేయలేని పెద్దలు, ఒంటరిగా ఉండే విధవరాండ్రు పక్కింటిలో ఉంటే వారి రేకుల బోల్టులు కూడా ఒకసారి చూసి రండి.