రైలు పోలీసు బిళ్లలు

స్టాంపులు పోగు చేసేవాళ్లు మన స్కూల్లో నలుగురైదుగురు ఉన్నారు. రైలు పోలీసుల పాత బిళ్లలు పోగు చేసేవాళ్లు కూడా ఉంటారని మీకు తెలుసా? మా మావయ్య రాజమండ్రి స్టేషన్లో సామాన్లు మోస్తాడు. పాత ఇత్తడి కొట్లో కొన్న బిళ్లలు ఆయన దగ్గర పదకొండు ఉన్నాయి. ఆయనకి ఇంగ్లీషు రాదు. మొన్న సెలవుల్లో అక్షరాలు నేను చదివి చెప్పాను, సంవత్సరాలు లైబ్రరీ పుస్తకాల్లో చూసుకున్నాను.

బిళ్ల అంటే టోపీకో, బెల్టుకో, భుజానికో పెట్టుకునే ఇత్తడి గుర్తు. ‘బిళ్ల బంట్రోతు’ అనే మాట అలా వచ్చిందే. మా కొండ ఊళ్లో పోలీసు వస్తున్నాడంటే పిల్లలం ఇళ్లల్లోకి పరిగెత్తేవాళ్లం. తీరా ఆ బిళ్ల చేతిలో పెట్టుకుంటే అరచేతిలో సగం కూడా లేదు!

రైలు దగ్గర కనిపించే పోలీసులంతా ఒకటి కాదు. దొంగతనం, కొట్లాట కేసులు చూసేది రాష్ట్ర ప్రభుత్వ రైల్వే పోలీసులు. రైల్వే ఆస్తిని కాపాడేది రైల్వే రక్షక దళం. ఈ దళానికి 1957లో చట్టం వచ్చింది. అంతకుముందు ‘వాచ్ అండ్ వార్డ్’ అనేవారు.

అసలు సంగతి అక్షరాల్లో ఉంది. రాజమండ్రి దగ్గర గోదావరి మీద మొదటి రైలు వంతెన 1900లో తెరిచారు. మరుసటేడు ఈ లైను మద్రాసు రైల్వే చేతికొచ్చింది. 1908లో అది మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే అయింది. దాన్నే ఎం.ఎస్.ఎం. అనేవారు. 1951లో దక్షిణ రైల్వే, 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే వచ్చాయి. కాబట్టి బిళ్ల మీద ఎం.ఎస్.ఎం. అని ఉంటే అది 1908కి ముందుది కాదు, 1951 తర్వాత చేసిందీ కాదు. తేదీ వేయకపోయినా వయసు తెలిసిపోతుంది. రాష్ట్ర పోలీసులవీ అంతే. 1953 దాకా మనం మద్రాసు రాష్ట్రం. ఆంధ్ర రాష్ట్రం 1953 నుంచి 1956 వరకు, మూడేళ్లే ఉంది. ఆ పేరుతో బిళ్ల దొరికితే అదృష్టమే అంటాడు మావయ్య.

కొట్టువాళ్లకి ఇదంతా పట్టదు. ఇత్తడి కాబట్టి బిందెలతో కలిపి కిలోల లెక్కన తూచి కరగబెట్టడానికి పంపేస్తారు. కొందరు మెరవాలని చింతపండు పెట్టి తోముతారు. అలా తోమీ తోమీ మావయ్య దగ్గర రెండు బిళ్లల మీద అక్షరాలే అరిగిపోయాయి, అవి ఏ కాలానివో ఇక ఎవరూ చెప్పలేరు. పొడిగుడ్డతో తుడిస్తే చాలు. నకిలీవి కూడా వస్తాయి. వెనక్కి తిప్పి కొక్కెం చూడండి, ఏళ్ల తరబడి పెట్టుకున్నదైతే అక్కడ అరుగుదల ఉంటుంది. ఒక్క జాగ్రత్త: ఇప్పటి పోలీసులు పెట్టుకునే బిళ్లల జోలికి పోవద్దు. అవి పెట్టుకుని పోలీసునని మోసం చేస్తే జైలే.

మీ చుట్టాల్లో రైల్వేలో పనిచేసినవాళ్ల బిళ్ల ఉంటే అమ్మనివ్వకండి. అది ఎవరిది, ఏ స్టేషన్లో చేశారు, ఎప్పటినుంచి ఎప్పటిదాకా అని పెద్దవాళ్లని అడిగి చీటీ రాసి దానితోపాటే ఉంచండి. మావయ్య పదకొండింటిలో ఒక్కదానికీ పేరు లేదు.